పై దినోత్సవం జరపడం ఎలా: కొలత, కత్తెర, లెక్క, ఆ తర్వాతే అంకెలు

ఏ వృత్తంలోనైనా చుట్టుకొలతను వ్యాసంతో భాగిస్తే వచ్చే ఒకే సంఖ్య పేరు పై (π), దాని విలువ దాదాపు 3.14. ఆ సంఖ్య పేరిట జరిపే పై దినోత్సవాన్ని పిల్లలతో ఎలా జరపాలి, ఏమేం సమకూర్చుకోవాలి, ఎంతసేపు పడుతుంది అని ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు, గణిత క్లబ్బులు నడిపేవారు పదేపదే అడుగుతున్నారు. అందరికీ పనికొచ్చేలా మొదటి నుంచి చివరి వరకు వరుసగా రాస్తున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. చాలాచోట్ల ఈ రోజు అంకెలు అప్పజెప్పే పోటీతో మొదలై దానితోనే ముగుస్తుంది. జ్ఞాపకశక్తి బాగా ఉన్న ఇద్దరు ముగ్గురికి బహుమతులు వస్తాయి, మిగతావారు చప్పట్లు కొట్టి వెళ్ళిపోతారు. వచ్చిన ప్రతి ఒక్కరూ తమ చేత్తో కొలిచి, తమదైన పై విలువను రాబట్టి, అది అసలు విలువకు ఎంత దూరంలో ఉందో, ఎందుకు ఉందో చెప్పగలిగితేనే ఆ రోజు నిండుగా జరిగినట్టు. కింది క్రమమంతా అందుకోసమే.

## 1. తేదీ, సమయం ఖాయం చేసుకోండి

నెలను ముందు, రోజును తర్వాత రాస్తే మార్చి 14వ తేదీ 3.14 అవుతుంది. యునెస్కో 2019లో ఇదే తేదీని అంతర్జాతీయ గణిత దినోత్సవంగా కూడా ప్రకటించింది. రోజును ముందు రాసే అలవాటున్న పిల్లలకు 14/3లో పై కనిపించదు కాబట్టి ఆ రోజు బోర్డుమీద తేదీని 3/14 అనే రాయండి.

మార్చిలో పరీక్షలు అడ్డొస్తే జులై 22 పెట్టుకోండి. 22/7 అనే భిన్నం పేరుమీద ఆ రోజునూ జరుపుతారు. పనులన్నీ అవే, ఏమీ మార్చనక్కరలేదు.

సమయం విషయంలో ఒక చిన్న ఏర్పాటు చేసుకుంటే కార్యక్రమానికి మంచి ఊపు వస్తుంది. మధ్యాహ్నం 1 గంట 59 నిమిషాలను కలిపితే 3.14159 అవుతుంది. పన్నెండున్నరకు మొదలుపెట్టి, కొలతలూ గ్రాఫూ 1:55కల్లా ముగించి, సరిగ్గా 1:59కి అసలు విలువను బోర్డుమీద రాయండి. అప్పటిదాకా ఆ విలువ గోడమీద గానీ, బ్యానరుమీద గానీ ఎక్కడా కనిపించకూడదు. అలంకరణ కోసం ముందే 3.14 అని అంటించేస్తే పిల్లలు కొలవరు, జవాబుకు తగ్గట్టు కొలతను సర్దుతారు.

పెద్ద తరగతుల పిల్లలకు విలువ ఎలాగూ తెలిసే ఉంటుంది. వారి విషయంలో కొలిచేవారిని, భాగించేవారిని వేరు చేయండి. కొలిచిన జట్టు మి.మీ.లలో రాసి కాగితం అప్పగించాలి, ఆ తర్వాత దిద్దడానికి వీల్లేదు. భాగహారం మరో జట్టు చేస్తుంది.

## 2. వారం ముందే సమకూర్చుకోవలసినవి

నలుగురికి ఒక జట్టు చొప్పున లెక్కవేసుకోండి. ప్రతి జట్టుకూ కావలసినవి:

- కనీసం 5 గుండ్రని వస్తువులు. అతి చిన్నది 3 సెం.మీ., అతి పెద్దది 30 సెం.మీ. వ్యాసానికి దగ్గరగా ఉండాలి
- మి.మీ. గీతలున్న గట్టి స్కేలు, సాగని కొలత టేపు
- 1 సెం.మీ. వెడల్పున కత్తిరించిన పొడవాటి సన్నని కాగితపు పట్టీలు
- గుండుసూది, కత్తెర, జిగురు, రెండు రంగుల పెన్సిళ్ళు
- గ్రాఫు కాగితం, కాలిక్యులేటర్
- 8 సెం.మీ. వ్యాసార్ధంతో వృత్తం గీసిన తెల్ల కాగితం
- ఒకే పొడవున్న టూత్‌పిక్‌లు 25, పెద్ద చార్టు కాగితం ఒకటి

వస్తువుల ఎంపికలోనే సగం పని ఉంది. మూతలు, డబ్బాలు, పళ్ళేలు, చక్రాలు ఏవైనా సరే, మూడు పరీక్షలు పెట్టండి. నొక్కితే వంగకూడదు. అంచు నిటారుగా ఉండాలి. పైన వెడల్పుగా, కింద సన్నగా ఉండే గ్లాసులాంటి వాటికి ఏ ఎత్తున వ్యాసం కొలిచారో అదే ఎత్తున చుట్టుకొలత తీయడం కష్టం. ఇక మూడోది, నిజంగా గుండ్రంగా ఉందో లేదో ముందే చూసుకోవాలి. బల్లమీద దొర్లిస్తే ఎగుడుదిగుడుగా పోయే వస్తువును పక్కన పెట్టేయండి.

గుండ్రని తినుబండారం పెట్టాలనుకుంటే పెట్టండి. కాకపోతే కోయకముందే కొలిపించండి.

## 3. ఆ రోజు పనుల వరుస

1. జట్లు కట్టడం, వస్తువులు పంచడం: 15 నిమిషాలు
2. వ్యాసం, చుట్టుకొలత కొలవడం: 50 నిమిషాలు
3. పట్టిక, గ్రాఫు: 20 నిమిషాలు
4. 1:59కి అసలు విలువ రాయడం
5. వృత్తాన్ని కత్తిరించి వైశాల్యం చూపడం: 25 నిమిషాలు
6. పుల్లలు వేసి లెక్కించడం: 30 నిమిషాలు
7. అంకెల ఆటలు: 20 నిమిషాలు

సమయం తక్కువగా ఉంటే 7ను, ఆ తర్వాత 6ను వదిలేయండి. 2ను మాత్రం కుదించకండి.

## 4. కొలత: అన్నిటికంటే శ్రద్ధ పెట్టవలసిన చోటు

### 4.1 వ్యాసం

స్కేలును వృత్తం మధ్యలోంచి పోనిచ్చామనుకుంటాం గానీ, అది తరచూ కాస్త పక్కనుంచి పోతుంది. అప్పుడు వచ్చేది వ్యాసం కాదు, దానికంటే చిన్నదైన జ్యా.

దీనికి సులువైన ఉపాయం ఉంది. వస్తువును బల్లమీద పెట్టి, గట్టి అట్టలున్న రెండు పుస్తకాలను అటూ ఇటూ నిలబెట్టి, రెండూ వస్తువును తాకేలా జరపండి. పుస్తకాలు ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నాయో లేదో రెండు కొనల దగ్గర కొలిచి చూసుకోండి. ఇక వాటి మధ్య దూరమే వ్యాసం.

వస్తువును కొంచెం తిప్పి మరో రెండుసార్లు కొలవండి. మూడింటి సగటు తీసుకోండి. మూడు కొలతల మధ్య తేడా 2 మి.మీ. దాటితే ఆ వస్తువు గుండ్రంగా లేదన్నమాట, మార్చేయండి.

### 4.2 చుట్టుకొలత

దారం కంటే కాగితపు పట్టీ నమ్మకమైనది. పట్టీని వస్తువు చుట్టూ బిగుతుగా చుట్టి, చివరలు ఒకదానిమీద ఒకటి వచ్చేలా పట్టుకోండి. రెండు పొరలూ కలిసిన చోట గుండుసూదితో ఒకే పోటు పొడవండి. పట్టీ విప్పితే రెండు రంధ్రాలు కనిపిస్తాయి. వాటి మధ్య దూరమే చుట్టుకొలత. పట్టీ ఏటవాలుగా పోకుండా అంచు మీద అంచు కలిసేలా చూసుకోవాలి, లేకపోతే కొలత పెరుగుతుంది.

దారం తప్ప వేరే దారి లేకపోతే కుట్టు దారంలాంటి సన్నదే వాడండి. 3 సెం.మీ. వ్యాసమున్న మూతకు 1 మి.మీ. మందమున్న పురికొస చుట్టారనుకోండి. పురికొస నడిమి గీత మూత అంచుకు అర మి.మీ. దూరంలో తిరుగుతుంది. అంటే మీరు కొలిచింది 30 మి.మీ. వృత్తాన్ని కాదు, 31 మి.మీ. వృత్తాన్ని. భాగిస్తే 3.25 దాకా వస్తుంది. అదే పురికొసను 30 సెం.మీ. పళ్ళేనికి చుడితే 3.15 వస్తుంది. దోషం అదే, వస్తువు పెద్దదయ్యేకొద్దీ దాని ప్రభావం తగ్గుతుంది.

### 4.3 దొర్లించే పద్ధతి

చక్రాలకూ డబ్బాలకూ ఇది బాగా కుదురుతుంది. అంచుమీద ఒక గుర్తు పెట్టి, గుర్తు నేలను తాకిన చోట గీత గీసి, తిన్నగా 5 చుట్లు దొర్లించి, మళ్ళీ గుర్తు నేలను తాకిన చోట గీత గీయండి. దూరాన్ని 5తో భాగించండి. గీతలు గీయడంలో జరిగే పొరపాటు కూడా అయిదో వంతుకు తగ్గిపోతుంది. నున్నటి నేలమీద వస్తువు జారుతుంది కాబట్టి కింద గరుకు కాగితమో గుడ్డో పరవండి. పక్కన పొడవాటి కర్ర పెట్టి దాన్ని ఆనించి దొర్లిస్తే దారి తప్పదు.

### 4.4 ఆరుబయట పెద్ద వృత్తం

స్థలముంటే ఇది తప్పక చేయించండి. మధ్యలో ఒకరు మేకునో కర్రనో పట్టుకుని నిలబడాలి. 3 మీటర్ల తాడు చివర సుద్దముక్క కట్టి మరొకరు చుట్టూ నడవాలి. తాడును మధ్య కర్రకు ముడి వేయకండి. ముడి వేస్తే నడిచేకొద్దీ తాడు కర్రకు చుట్టుకుని వ్యాసార్ధం తగ్గిపోతుంది. వదులుగా తిరిగే ఉచ్చు వేయండి. గీసిన వృత్తంమీద టేపును కొంచెం కొంచెంగా పరుస్తూ కొలిస్తే 18 మీటర్ల 85 సెం.మీ. దగ్గర రావాలి.

### 4.5 పట్టిక ఎలా వేయాలి

ఉదాహరణకు ఒక జట్టు కొలతలు ఇలా ఉన్నాయనుకుందాం (అన్నీ మి.మీ.లలో):

- వ్యాసం 32, చుట్టుకొలత 101, నిష్పత్తి 3.156
- వ్యాసం 75, చుట్టుకొలత 235, నిష్పత్తి 3.133
- వ్యాసం 110, చుట్టుకొలత 346, నిష్పత్తి 3.145
- వ్యాసం 205, చుట్టుకొలత 645, నిష్పత్తి 3.146
- వ్యాసం 300, చుట్టుకొలత 942, నిష్పత్తి 3.140

ఇప్పుడు అందరూ నిష్పత్తుల సగటు తీస్తారు. అది 3.144. దానికంటే మంచి పద్ధతి, చుట్టుకొలతలన్నీ కూడి వ్యాసాల మొత్తంతో భాగించడం: 2269 ÷ 722 = 3.143. 3 సెం.మీ. మూత దగ్గర 1 మి.మీ. తప్పితే నిష్పత్తి 0.1 దాకా చెడుతుంది, 30 సెం.మీ. పళ్ళెం దగ్గర అదే తప్పు 0.01 మాత్రమే చెరుస్తుంది. సగటు తీసినప్పుడు ఈ రెండింటికీ సమాన గౌరవం ఇచ్చినట్టవుతుంది. మొత్తాలను భాగిస్తే పెద్ద వస్తువు మాటకు ఎక్కువ బరువు దక్కుతుంది.

### 4.6 గ్రాఫు

అడ్డంగా వ్యాసం, నిలువుగా చుట్టుకొలత పెట్టి అయిదు బిందువులు గుర్తించండి. వాటి మధ్యగా స్కేలుతో ఒక గీత గీయండి. ఆ గీత వాలు, అంటే నిలువుగా పెరిగినదాన్ని అడ్డంగా పెరిగినదానితో భాగిస్తే వచ్చేది, పై విలువే.

గీత మూలబిందువు గుండా పోతోందా అని తప్పక చూడండి. కొంచెం పైనుంచి పోతోందంటే ప్రతి చుట్టుకొలతకూ ఒకే మొత్తం అదనంగా చేరిందన్నమాట. దారం మందంవల్ల జరిగేది సరిగ్గా ఇదే. 1 మి.మీ. పురికొస వాడితే గీత 3 మి.మీ. పైకి జరుగుతుంది, వాలు మాత్రం చెడదు. విడివిడి నిష్పత్తులన్నీ తప్పుగా వచ్చినా గ్రాఫు సరైన పై ఇవ్వగలదు. ఇది పిల్లలు తమ కళ్ళతో చూడవలసిన సంగతి. అందుకే వీలైతే ఒక జట్టుకు కావాలనే పురికొస ఇవ్వండి.

### 4.7 జవాబు తేడాగా వస్తే

- 6.28 దగ్గర వచ్చింది: వ్యాసానికి బదులు వ్యాసార్ధంతో భాగించారు.
- 3.2 దాటింది: వ్యాసం మధ్యలోంచి పోలేదు, లేదా పట్టీ ఏటవాలుగా చుట్టారు, లేదా దారం మందంగా ఉంది. అంచు మందంగా ఉన్న మూతకు లోపలి వ్యాసం, బయటి చుట్టుకొలత తీసినా ఇదే జరుగుతుంది.
- 3.1 కంటే తగ్గింది: చుట్టేటప్పుడు దారాన్ని సాగదీశారు, విప్పగానే అది కుంచించుకుపోయింది.
- చిన్న వస్తువులన్నిటికీ ఎక్కువగా, పెద్దవాటికి సరిగ్గా వచ్చింది: స్కేలు సున్నా ఎక్కడుందో చూడండి. కొన్ని స్కేళ్ళలో అంచు దగ్గర కాకుండా కొన్ని మి.మీ. లోపల ఉంటుంది. అంచు నుంచి కొలిస్తే ప్రతి వ్యాసమూ ఆ మేరకు తగ్గిపోతుంది.

దోషశాతం కట్టడం మరవకండి: వచ్చిన విలువకూ అసలు విలువకూ తేడాను అసలు విలువతో భాగించి 100తో గుణించాలి. ఒక శాతం లోపు వస్తే బాగా కొలిచినట్టు.

## 5. కత్తెరతో వైశాల్యం

వ్యాసార్ధాన్ని వ్యాసార్ధంతో, ఆపైన పైతో గుణిస్తే వృత్త వైశాల్యం వస్తుందని పిల్లలు వల్లె వేస్తారు. ఎందుకో ఈ పనితో చేతికే తెలుస్తుంది.

1. వృత్తాన్ని కత్తిరించండి. సగానికి, మళ్ళీ సగానికి, ఇలా నాలుగుసార్లు మడవండి. విప్పితే 16 సమాన భాగాలు కనిపిస్తాయి.
2. 8 భాగాలకు ఒక రంగు, మిగతా 8కి మరో రంగు వేయండి. రంగు వేయడం కత్తిరించకముందే జరగాలి.
3. మడతల వెంట కత్తిరించండి.
4. ఒక రంగు ముక్కల మొన పైకి, మరో రంగు ముక్కల మొన కిందికి ఉండేలా పక్కపక్కనే సందు లేకుండా అంటించండి.
5. చివరి ముక్కను నిలువునా సగం చేసి ఒక సగాన్ని అటు చివర చేర్చండి.

దాదాపు దీర్ఘచతురస్రం తయారవుతుంది. ఎత్తు వ్యాసార్ధమంత, పొడవు చుట్టుకొలతలో సగం. రెండింటినీ గుణిస్తే సూత్రం కళ్ళముందే ఉంటుంది.

ఇప్పుడు పొడవును స్కేలుతో తిన్నగా కొలిపించి 8తో భాగించమనండి. ఎంత జాగ్రత్తగా చేసినా 3.12 దగ్గరే వస్తుంది. పిల్లలు తమ తప్పనుకుంటారు. కాదు, స్కేలు వంపుల వెంట కాకుండా వాటి కొనల మధ్య తిన్నగా కొలుస్తోంది. 32 ముక్కలు చేస్తే 3.137 దాకా పోతుంది. ముక్కలు పెరిగేకొద్దీ అది పై విలువకు ఎలా దగ్గరవుతుందో ఇక్కడే చెప్పండి. ఏడో భాగంలో లెక్కకు ఇదే పునాది.

సాధారణంగా జరిగే పొరపాటు ఒకటే, ముక్కల మధ్య సందులు వదలడం. ముందు జిగురు లేకుండా పేర్చి, కుదిరాక అంటించమనండి.

## 6. పుల్లలు విసిరి పై రాబట్టడం

వృత్తమే లేని చోట పై ప్రత్యక్షమయ్యే ఈ ప్రయోగాన్ని 18వ శతాబ్దపు ఫ్రెంచి పండితుడు బఫన్ పేరుతో పిలుస్తారు.

1. టూత్‌పిక్ పొడవు మి.మీ.లలో కొలవండి.
2. చార్టుమీద సరిగ్గా అంతే ఎడంతో సమాంతర గీతలు గీయండి.
3. చార్టును నేలమీద పరచి, నిలబడి, పుల్లలను ఒక్కొక్కటిగా గురి పెట్టకుండా వదలండి.
4. మొత్తం ఎన్ని వేశారో, వాటిలో ఎన్ని గీతను తాకాయో లెక్కపెట్టండి.
5. మొత్తం పుల్లల సంఖ్యను రెట్టింపు చేసి, గీతను తాకినవాటి సంఖ్యతో భాగించండి.

చార్టు బయట పడినవి లెక్కలోకి రావు, మళ్ళీ వేయాలి. కొన మాత్రమే తాకినా తాకినట్టే. సందేహం వచ్చిన పుల్ల విషయంలో నిర్ణయం ఎప్పుడూ ఒకే వ్యక్తిది కావాలి.

ఫలితం గురించి ముందే హెచ్చరించండి. 100 పుల్లలు వేస్తే దాదాపు 64 తాకాలి, అప్పుడు 3.125 వస్తుంది. కానీ 58 తాకినా, 69 తాకినా ఆశ్చర్యం లేదు. అప్పుడు 3.45 గానీ 2.90 గానీ వస్తుంది. అందుకే ఒక్క జట్టు ఫలితాన్ని చూసి నిరాశపడకుండా అన్ని జట్ల లెక్కలూ కలపండి. వెయ్యి వేస్తే దోషం సాధారణంగా 0.1 లోపు ఉంటుంది. దోషాన్ని పదో వంతుకు తగ్గించాలంటే వందరెట్లు పుల్లలు వేయాలి.

ఎన్ని వేయాలో ముందే నిర్ణయించి బోర్డుమీద రాయండి. "ఇప్పుడు 3.14 వచ్చింది, ఆపేద్దాం" అనడం ప్రయోగాన్ని పాడుచేస్తుంది. ఇటలీకి చెందిన లాజరీని 1901లో 3408 సార్లు సూది విసిరి 355/113 రాబట్టానని ప్రకటించాడు. అది ఆరు దశాంశ స్థానాల వరకు సరైన విలువ. అన్ని విసుర్లతో అంత ఖచ్చితత్వం రావడం నమ్మశక్యం కాదని గణితజ్ఞులు తేల్చారు. కోరిన భిన్నం వచ్చేలా కొలతలూ ఆపే చోటూ ఎంచుకున్నట్టు ఆ సంఖ్యలే చెబుతున్నాయి. ఈ కథ పిల్లలకు తప్పక చెప్పండి.

## 7. కాలిక్యులేటర్ పట్టగలిగిన వారికి రెండు లెక్కలు

బహుభుజుల పద్ధతి. వ్యాసార్ధం 1 ఉన్న వృత్తంలో షడ్భుజి గీస్తే దాని భుజం 1. చుట్టుకొలత 6, వ్యాసం 2, కాబట్టి పైకి మొదటి విలువ 3. భుజాలను రెట్టింపు చేస్తూ పోతే 12 భుజాలకు 3.1058, 24కు 3.1326, 48కి 3.1394, 96కు 3.1410 వస్తాయి. ప్రాచీన గ్రీకు గణితజ్ఞుడు ఆర్కిమెడిస్ ఈ 96 దగ్గరే ఆగి, వృత్తం బయట గీసిన బహుభుజులను కూడా లెక్కించి, పై విలువ 3 10/71 కంటే ఎక్కువ, 3 1/7 కంటే తక్కువ అని తేల్చాడు.

కొత్త భుజం కట్టే వరుస ఇది: పాత భుజం వర్గాన్ని 4 నుంచి తీసివేసి వర్గమూలం కట్టండి. దానికి 2 కలిపి మళ్ళీ వర్గమూలం కట్టండి. పాత భుజాన్ని దీనితో భాగించండి. కొన్ని పుస్తకాల్లో 2 లోంచి తీసివేసే సూత్రం ఉంటుంది. అదీ సరైనదే గానీ, భుజాలు పెరిగేకొద్దీ దాదాపు సమానమైన రెండు సంఖ్యల తేడా తీయవలసి వస్తుంది కాబట్టి కాలిక్యులేటర్ జవాబు చెడిపోతుంది. భాగించే సూత్రానికి ఆ బాధ లేదు.

కేరళ గణితజ్ఞుడు మాధవుడి శ్రేణి. 1 − 1/3 + 1/5 − 1/7 ... ఇలా పోతూ, వచ్చినదాన్ని 4తో గుణిస్తే పై. సూత్రం ముచ్చటగా ఉంటుంది, కానీ చాలా నెమ్మది. 8 పదాలకు 3.0171, 9 పదాలకు 3.2524, 10 పదాలకు 3.0418. పిల్లలు ఇక్కడే విసుగుపడతారు.

వారిని నిలబెట్టే ఉపాయం చెబుతాను. పక్కపక్క విలువల సగటు తీయండి: 3.1347, 3.1471. ఈ రెండింటి సగటు మళ్ళీ తీయండి: 3.1409. పది పదాలతోనే 0.001 లోపుకు వచ్చేశాం. విలువలు ఒకసారి ఎక్కువగా, ఒకసారి తక్కువగా ఊగుతున్నాయి కాబట్టి నిజం నడుమ ఉందన్న ఆలోచన పిల్లల నోటితోనే చెప్పించండి.

## 8. ఇక అంకెలు

ముద్రించుకోవడానికి మొదటి 100 దశాంశ స్థానాలు, పదేసి చొప్పున:

3.
1415926535 8979323846
2643383279 5028841971
6939937510 5820974944
5923078164 0628620899
8628034825 3421170679

### 8.1 అప్పజెప్పే పోటీ నియమాలు

- న్యాయనిర్ణేతలు ఇద్దరు. ఒకరు అంకెల కాగితంమీద వేలు పెట్టి అనుసరించాలి, మరొకరు సమయం చూడాలి.
- మొదటి తప్పు దగ్గర ఆట ఆగుతుంది. చెప్పిన అంకెను వెంటనే దిద్దుకునే అవకాశం ఇస్తారో లేదో ముందే ప్రకటించాలి.
- రెండు అంకెల మధ్య 15 సెకన్లు దాటితే ముగిసినట్టే.
- సమానంగా వస్తే తక్కువ సమయంలో చెప్పినవారు గెలుస్తారు.

రాజ్‌వీర్ మీనా 2015లో 70,000 అంకెలు అప్పజెప్పి గిన్నిస్ రికార్డుకెక్కారు. అది విన్న చిన్నపిల్లలు బెదిరిపోకుండా వారికి 20 అంకెల విభాగం వేరుగా పెట్టండి.

### 8.2 రంగుల గొలుసు

ఒక్కో అంకెకు ఒక్కో రంగు కాగితం పెట్టుకుని, వరుసగా ఉంగరాలు చేసి గొలుసు అల్లించండి. అప్పజెప్పలేని పిల్లలకూ ఇందులో పని ఉంటుంది. కాగితాలు చాలక మధ్యలో ఆగిపోవడమే ఇక్కడ తరచూ జరిగే ఇబ్బంది. 100 దశాంశాలకు ఎన్ని కావాలో ముందే కత్తిరించుకోండి:

- 0, 1, 5, 7: ఒక్కొక్కటి 8
- 6: 9
- 4: 10
- 3: 11 (దశాంశ బిందువుకు ముందున్న 3కు ఇంకొకటి)
- 2, 8: ఒక్కొక్కటి 12
- 9: 14

### 8.3 అంకెల వాక్యం

నాకు అన్నిటికంటే ఇష్టమైన ఆట ఇది. ప్రతి మాటలోని అక్షరాల సంఖ్య పై అంకెల వరుసలో రావాలి. ఒత్తులున్న అక్షరం ఒకటే, అక్షరం పక్కన వచ్చే సున్నా (ం) విడిగా లెక్కకు రాదు. ఒక ఉదాహరణ:

"రేపటి ఈ పండుగకు మా తరగతిలో సిద్ధపడుతున్నవాళ్ళకు పని పంచిపెట్టేశాము."

లెక్కపెట్టి చూడండి: 3, 1, 4, 1, 5, 9, 2, 6. తర్వాతి మాటలు 5, 3, 5 అక్షరాలవి కావాలి. పై అంకెల్లో 0 వస్తే ఏం చేయాలని కంగారుపడనక్కరలేదు, మొదటి సున్నా 32వ దశాంశ స్థానంలో గానీ రాదు.

## 9. నిర్వాహకులే చెప్పే తప్పు మాటలు, వాటి దిద్దుబాటు

"పై అంటే 22/7." కాదు, అది దగ్గరి విలువ మాత్రమే. 22/7 అంటే 3.142857..., మూడో దశాంశం నుంచే తేడా వస్తుంది. అయినా 3.14 కంటే 22/7 పైకి దగ్గరగా ఉంటుంది, ఇది చాలామందికి తెలియదు. 62832ను 20000తో భాగించమన్న ఆర్యభటుడి విలువ 3.1416 ఈ రెండింటికంటే మెరుగు. ఆయన కూడా దాన్ని ఆసన్నమనే, అంటే దగ్గరిదనే చెప్పాడు.

"పై అనంతం." దాని దశాంశ విస్తరణకు అంతం లేదు. సంఖ్య మాత్రం 3కూ 4కూ మధ్యనే ఉంది.

"ఏ అంకెల వరుస అయినా పైలో దొరుకుతుంది." అలా ఉంటుందని గణితజ్ఞులు భావిస్తున్నారు గానీ ఇంతవరకు ఎవరూ నిరూపించలేదు. "అనుకుంటున్నారు" అని చెప్పండి.

"ఎన్ని ఎక్కువ అంకెలుంటే అంత ఖచ్చితం." గ్రహాల మధ్య నౌకలు నడపడానికి నాసా వాడేది 15 దశాంశ స్థానాలే. స్కేలుతో కొలిచిన పిల్లవాడు జవాబును 3.142659279 అని రాస్తే, మి.మీ. స్కేలు మూడో దశాంశాన్ని కూడా నమ్మకంగా ఇవ్వలేదని చెప్పి 3.14 దగ్గర ఆపించండి.

తెలివైన పిల్లలు ఒక ప్రశ్న తప్పక అడుగుతారు: పై కరణీయ సంఖ్య కదా, దాన్ని భిన్నంగా రాయలేమంటారు కదా, మరి మేమిప్పుడు 942ను 300తో భాగించాం, అది భిన్నమే కదా? జవాబు సిద్ధంగా ఉంచుకోండి. 942, 300 మన కొలతలు మాత్రమే, మి.మీ.కి సవరించినవి. నిజమైన వృత్తంలో వ్యాసాన్ని పూర్ణసంఖ్యలో లేదా భిన్నంలో చెప్పగలిగితే చుట్టుకొలతను అదే ప్రమాణంలో అలా చెప్పడం కుదరదు. గణితజ్ఞుడు లాంబర్ట్ 18వ శతాబ్దంలో నిరూపించింది ఇదే.

## 10. ఒక్కరే ఇంట్లో చేసుకోవాలంటే

గంట చాలు. మూడు గుండ్రని వస్తువులు, కాగితపు పట్టీ, స్కేలు తీసుకుని 4.1, 4.2, 4.5 చేయండి. తర్వాత మాధవుడి శ్రేణిలో పది పదాలు కట్టి సగటులు తీయండి. మిత్రులు దూరంగా ఉంటే వీడియో కాల్‌లో ఎవరి వస్తువులు వారు కొలిచి, చుట్టుకొలతలూ వ్యాసాలూ ఒకే పట్టికలో కలిపి, మొత్తాలను భాగించండి. ప్రమాణాలు కలగాపులగం కాకుండా అందరూ మి.మీ.లలోనే రాయాలి.

## 11. ముందు రోజు సాయంత్రం సరిచూసుకోవలసినవి

- గోడలమీద, బ్యానర్లమీద పై విలువ కనిపించడం లేదు
- ప్రతి జట్టు సంచిలో కనీసం ఒక పెద్ద వస్తువు ఉంది
- స్కేళ్ళన్నిటిలో సున్నా ఎక్కడుందో చూశాం
- చార్టు గీతల ఎడం, టూత్‌పిక్ పొడవు సమానం
- ఎన్ని పుల్లలు వేయాలో నిర్ణయించాం
- రంగు కాగితాలు అంకెల లెక్క ప్రకారం కత్తిరించాం
- న్యాయనిర్ణేతల దగ్గర 100 అంకెల కాగితం ఉంది
- జట్ల పట్టికలను కలిపి రాసేందుకు ఒక పెద్ద కాగితం ఉంది. దానిమీద తేదీ వేసి దాచండి, వచ్చే ఏడాది కొలతలను వీటికే కలిపి భాగించవచ్చు